చలి తగిలేవాళ్ళే ముందు

మావిస్ సట్‌క్లిఫ్ కనిపించకముందే ఆమె గొంతు వినిపిస్తుంది. నలభై ఏళ్ళు బస్సుల్లో అరిచిన గొంతు అది. పద్దెనిమిదో ఏట కండక్టరుగా చేరి, ఇరవై అయిదో ఏటికల్లా స్టీరింగు పట్టింది. యార్క్‌షైర్‌లో మా థార్న్‌డెన్ ఊరి డిపోలో అంతకుముందు బస్సు తోలిన ఆడమనిషి లేదు. మొదటి రోజు ఆమె సీటు మీద ఎవరో వంటింటి ఏప్రాన్ మడిచిపెట్టి పోయారు. మావిస్ దాన్ని నడుముకు కట్టుకుని వారమంతా బస్సు తోలింది. ఎనిమిదో రోజున దాంతోనే ముందద్దం తుడిచి, మగవాళ్ళు టీ తాగే గది తలుపుకి తగిలించి, "ఇంకెవరికైనా కావాలా?" అని అడిగింది. అది పెట్టినవాడెవడో ఈనాటికీ బయటపడలేదు. ఆమె రిటైరైన రోజున మాత్రం ఒక ముసలి మెకానిక్కు పూలగుత్తి తెచ్చి, ఎందుకో తలెత్తకుండా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇప్పుడామెకు డెబ్బై ఒకటి. మంగళవారం సాయంత్రాలు మెథడిస్టు చర్చి హాల్లో రెండు వందల ఏళ్ళనాటి కంట్రీ డ్యాన్సులు నేర్పుతుంది. పాత రాతల్లోంచి అడుగులు వెదికి తీసి, వాటిని ఈ కాలపు కాళ్ళకి ఎక్కించడం ఆమె పని. నేను పద్నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్నాను. నాకు ఎడమేదో కుడేదో ఇంకా తెలియదని ఆమె గట్టి అభిప్రాయం.

"రెండు వరసలు! ఎదురెదురుగా! లోపలికి జరగండి, లోపలికి జరగండి, వెనక ఇంకా జనం ఉన్నారు!"

ఈ మాటలు ఆమె డ్యాన్సు కోసం కొత్తగా నేర్చుకున్నవి కావు. అయిదో నంబరు బస్సులోంచి నేరుగా తెచ్చుకున్నవి.

ఆమె డ్యాన్సు నేర్చుకున్నది మాత్రం ఏ స్కూల్లోనూ కాదు. బొగ్గుగనుల సమ్మె జరిగిన ఏడాది, చెల్లెలి మొగుడు సమ్మెలో ఉన్నాడని, సెలవు దొరికినప్పుడల్లా ఆ గని ఊరికి పోయి గనికార్మికుల హాల్లో బంగాళాదుంపలు తొక్క తీసేది. మూడు వందల మందికి రోజూ అక్కడే కూడు. నవంబరు వచ్చేసరికి హాలు మంచుగడ్డ అయింది. ఊరంతా బొగ్గు తవ్వినవాళ్ళే, వాళ్ళ హాలు పొయ్యిలో మాత్రం బొగ్గు లేదు. మగవాళ్ళంతా గని గేటు దగ్గర కాపలా. హాల్లో ఆడవాళ్ళు సూపు ఉడికేదాకా వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ కూర్చునేవాళ్ళు. ఒకరోజు నెల్ అనే ఎనభై ఏళ్ళ ముసలావిడ లేచి, బల్లలన్నీ గోడకి తోయించి, "చలేస్తే ఏడుస్తారా, ఆడతారా?" అని అడిగింది. తన చిన్నప్పటి ఆటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. మగవాళ్ళు లేరు కనక 'మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు అటు' అనే మాటే రాలేదు. "ఎడమోళ్ళు", "కుడోళ్ళు" అంది, అంతే. మావిస్ ఈనాటికీ అలాగే పిలుస్తుంది. ఇప్పుడు కుర్రకారు వచ్చి "ఎంత ఆధునికంగా ఉంది మీ పద్ధతి!" అంటే, "ఆధునికమా నా మొహమా, ఆకలి పద్ధతి అది" అంటుంది.

ఈ డ్యాన్సుల్లో రెండు వరసలు ఎదురెదురుగా నిలబడతాయి. ఎదుటి మనిషే జత. ఫిడేలు వాయించేవాళ్ళు కూర్చున్న వైపు పై చివర, తలుపు వైపు కింది చివర. పై చివర జంట మొదలుపెట్టి, పక్క జంటతో నాలుగు చేతులు కలిపి ఆడి, వాళ్ళని దాటి ఒక మెట్టు కిందికి దిగుతుంది. తర్వాత ఇంకో జంటతో, ఆ తర్వాత ఇంకో జంటతో. దేశమంతా ఇదే పద్ధతి. పూర్వం పై చివర భూస్వాములు నిలబడేవాళ్ళు. ఇప్పుడు బాగా ఆడగలిగినవాళ్ళు నిలబడతారు. తలుపు దగ్గర కొత్తవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు. మనుషులు మారారు గానీ పైన పైనే, కింద కిందే.

మా ఊరికి సొంత ఆట ఒకటుంది. పేరు 'థార్న్‌డెన్ అటక'. దాన్ని వంద ఏళ్ళ కిందట మేజర్ ఆబ్రీ లాంగ్‌స్టాఫ్ అనే పెద్దమనిషి ఒక నేతగత్తె నోటుపుస్తకంలోంచి తీసి అచ్చు వేశాడు. ఆమె పేరు కూడా వేయలేదు. 'ఒక నేతపని స్త్రీ' అన్నాడు, 'ఆమె పొరపాట్లను సరిదిద్దాను' అని కూడా అన్నాడు. అంత చక్కగా సరిదిద్దిన ఆటలో ఒకచోట అందరూ ఒకరినొకరు గుద్దుకుంటారు. ప్రతిసారీ. నలుగురు కుడిచేతులు మధ్యలో కలిపి గడియారం ముల్లులా తిరిగాక, ముందుండే జంటలో ఎడమ మనిషి చటుక్కున వెనక్కి మళ్ళి కిందికి పోవాలి. మళ్ళగానే వెనక వచ్చే మనిషి ముక్కు ఆ భుజానికి తగులుతుంది.

దీన్ని మావాళ్ళు తప్పు అనుకోలేదు. సంప్రదాయం అనుకున్నారు! దానికి 'థార్న్‌డెన్ గుద్దు' అని పేరు పెట్టి, కొత్తవాళ్ళకి భుజం ఎలా దించాలో, ముక్కు ఎలా తిప్పుకోవాలో పాఠాలు చెప్పారు. బయటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు గుద్దుకుని నవ్వుకుని ఫొటోలు దిగి పోయేవాళ్ళు. వంద ఏళ్ళు!

కిందటి శీతాకాలం ఒక మధ్యాహ్నం నేను మావిస్ ఇంట్లో ఉన్నాను. పాత ఆటల చిక్కు విప్పాల్సి వస్తే ఆమె భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, సాస్ సీసా, వెనిగర్ సీసా పెట్టుకుని నడిపిస్తుంది. ఉప్పు, మిరియాలు ఒక జంట. సీసాలు రెండో జంట. ఆ రోజు అటక ఆటలో గుద్దు ఎందుకొస్తుందో తేల్చాలని కూర్చుంది. తిప్పుతోంది, గుద్దిస్తోంది, తిట్టుకుంటోంది. పక్కింటి జూన్ గిన్నెలు తుడుస్తూ చూస్తోంది. జూన్ జన్మలో ఎప్పుడూ డ్యాన్సు చేయలేదు, చేయనని ఒట్టు కూడా పెట్టుకుంది.

"మావిస్, ఆ ఉప్పు డబ్బా చక్కగా అటేపు పోతుంటే నువ్వెందుకు దాన్ని మెడపట్టి ఇటు లాగుతున్నావ్?" అంది జూన్.

"మేజర్ అలా రాశాడు గనక."

"మేజర్ నీ బస్సు తోలాడా ఏంటి? మలుపు తిరిగే బండికి నువ్వెప్పుడన్నా రివర్స్ వేశావా?"

మావిస్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఉప్పు డబ్బాని వదిలేసింది, అంటే అది పోయేవైపే పోనిచ్చింది. చక్రంలోంచి ఉప్పు డబ్బా పైకి జారి, సాస్ సీసాని బయటినుంచి చుట్టి, దానికి పైవైపు చోట్లో పోయి కూర్చుంది. మిరియాల డబ్బా దాని వెనకే వచ్చింది. ఎవరూ ఎవరికీ తగల్లేదు. ఇంకోసారి తిప్పింది. మూడోసారి.

"పైకి," అంది మావిస్ నెమ్మదిగా. తర్వాత గట్టిగా, "పైకి! ఇది కిందికి దిగే ఆట కాదు. కింది జంట మొదలెట్టి పైకెళ్ళే ఆట!"

"అంతేనా? దానికి వందేళ్ళా?" అంది జూన్. "మీ డ్యాన్సులోళ్ళకి బుర్ర కాళ్ళలో ఉంటదనుకున్నా. అక్కడా లేదు."

మర్నాడే మావిస్, నేను జిల్లా దస్తావేజుల ఆఫీసుకి బయల్దేరాం. ఆ నోటుపుస్తకం అక్కడుంది. బస్సులోనే వెళ్ళాం, దారంతా మావిస్ డ్రైవరు వేసే బ్రేకుల మీద వ్యాఖ్యానం చేస్తూనే ఉంది. అక్కడ పుస్తకాన్ని మెత్తటి దిండు మీద పెట్టి ఇచ్చారు. అరచేయంత పుస్తకం, గోధుమరంగు అట్ట, సగం పేజీల్లో ఫిడేలు వరసలు, సగం పేజీల్లో ఎన్ని గజాలు నేసిందో లెక్క. లోపలి అట్ట మీద పేరు: టామసిన్ క్రాబ్‌ట్రీ. నేత నేసిందీ, ఫిడేలు వాయించిందీ, ఆట కట్టిందీ ఒక్క ఆడమనిషే. మేజర్ పుణ్యమా అని ఆ పేరు వంద ఏళ్ళు ఆ అట్ట కిందే ఉండిపోయింది.

అటక ఆట పేజీ తెరిచి, మావిస్ వేలు తగలకుండా గాల్లోనే గీత గీస్తూ పైకే చదివింది.

"చివరి జంట మొదలుపెట్టి పైకి రావలెను. బట్ట ముగించి ఆలస్యముగా వచ్చువారు మెట్ల నోటి దగ్గర నిలుతురు. అక్కడ చలి. చలి తగులువారే ముందు."

మగ్గాలు ఉండే అటక మీదే ఆట, అక్కడికి నేల చిల్లులోంచి మెట్లు. ఆ చిల్లులోంచి గాలి. గజానికింతని కూలి గనక, బట్ట ముగించనిదే తమ ఇంటి మగ్గం దిగని మనుషులు అందరికంటే ఆలస్యంగా వచ్చి ఆ చిల్లు పక్కన నిలబడతారు. వాళ్ళ వంతు వచ్చేదాకా వణుకుతూ నిలబెట్టడం టామసిన్‌కి నచ్చలేదు. ఆట దిక్కు మార్చేసింది. ఇందులో పొరపాటేముంది? పొరపాటంతా మేజర్ తలలో ఉంది. కింద నిలబడ్డవాళ్ళు మొదలుపెట్టడమనేది ఆయన ఊహకే అందలేదు. ఆడదానికి రాయడం రాదనుకున్నాడు.

"నెల్ చెప్పింది కూడా ఇదే కదే!" అని మావిస్ ఆ నిశ్శబ్దపు గదిలో బల్ల చరిచింది. గుమాస్తా ఉలిక్కిపడి "ష్ష్" అన్నాడు. మావిస్ అతన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి పేజీ చూపించింది. అతను చదివి, నవ్వి, ఈసారి తనే కొంచెం గట్టిగా "అబ్బో!" అన్నాడు.

అసలు పని అక్కడినుంచి మొదలైంది. మా జిల్లా నాట్యసంఘం వందేళ్ళ పుస్తకం వేస్తోంది. ఒక్కసారి అందులో పడితే ఇంకో వంద ఏళ్ళు అదే వేదం. వసంతపు పండగ శనివారం, పుస్తకం అచ్చుకి పోయేది సోమవారం. అటక ఆట పేజీ ఇప్పటికే తయారుగా ఉంది, పైన పెద్దక్షరాల్లో మేజర్ పేరుతో. సంఘం అధ్యక్షుడు డెస్మండ్ పార్‌గెటర్, రిటైరైన భూగోళం మాస్టారు. మంచివాడే. పాదం ఎంత తేలిగ్గా వేస్తాడో చూడ్డానికే జనం వస్తారు. కాని ఆయనకి డ్యాన్సు నేర్పిన గురువుకి నేర్పింది సాక్షాత్తూ మేజర్.

"మావిస్, కింది జంట మొదలుపెట్టే ఆట ఈ దేశంలో ఇంకెక్కడా లేదండీ," అన్నాడాయన టీ కప్పు కలుపుతూ.

"ఇంకెక్కడా లేదు గనకే ఇది మన ఊరిది నాయనా."

"ఆవిడ పొరపాటున రాసి ఉండొచ్చుగా?"

"వందేళ్ళుగా ముక్కులు పగలగొట్టుకుంటోంది మనం. పొరపాటు ఆవిడదా?"

డెస్మండ్ చెంచా పక్కన పెట్టాడు. "కాగితం మీద ఏదైనా కుదురుతుంది. ఉప్పు డబ్బాలకి మోకాళ్ళుండవు. కాళ్ళు ఒప్పుకోవాలి. శనివారం మీకు అరగంట ఇస్తాను. వరసలు ఎప్పట్లాగే కట్టాలి, ఎవరినీ మీరు ఎంచుకోకూడదు. కింది జంట పై చివరకి చేరేదాకా ఒక్క గుద్దు కూడా పడకపోతే పేజీ మారుస్తా. పడితే మేజర్ ఆట మేజర్ పేరుతోనే పోతుంది."

మావిస్ అరచేతిలో ఉమ్మి చెయ్యి చాచింది. డెస్మండ్ ఒక క్షణం ఆ చేతి వంక దిగులుగా చూసి, తనూ అరచేతిలో ఉమ్మి ఆ చేతిలో చెయ్యి కలిపాడు. యార్క్‌షైర్‌లో ఆ తర్వాత ఇక కాగితాలు అక్కర్లేదు.

శనివారం టౌన్‌హాల్లో నలభై ఎనిమిది మంది, ఇరవై నాలుగు జంటలు, ఒకే పొడుగు వరస. ఎప్పట్లాగే మొనగాళ్ళంతా ఫిడేళ్ళ దగ్గరికి పరిగెత్తారు. డెస్మండ్ నన్ను జతగా రమ్మన్నాడు. "రేపు ఎవరూ అనుమానపడకుండా మావిస్ శిష్యురాలే నా పక్కనుండటం మేలు" అని నవ్వాడు. అలా నేను జన్మలో మొదటిసారి పై చివరన నిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే కింది చివర ఎంతో దూరం.

ఆ దూరంలో తలుపు పక్కన మిగిలిందెవరు? అయిదో నంబరు బస్సు ఇప్పుడు తోలే షాహీన్ అఖ్తర్. మావిస్ పోరు పడలేక చేరి ఆరు వారాలైంది, డ్యూటీ దిగి యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. ఆమెకు జత హెడ్లీ, డెబ్బై ఎనిమిదేళ్ళ పాత గనికార్మికుడు, మార్పించిన మోకాలు ఒకటి, మార్పించాల్సింది ఇంకొకటి. ఇప్పుడు ఆట మొత్తం మొదలుపెట్టాల్సింది వీళ్ళు!

"మావిస్ ఆంటీ, నేనా? నాకింకా చక్రమే సరిగ్గా రాదు!"

"నీకు రానిదేదీ లేదు తల్లీ. రౌండ్‌ఎబౌట్ తిరుగుతావుగా రోజుకి నలభై సార్లు? అదే చక్రం. ఎడమెవరు?"

"నేను," అన్నాడు హెడ్లీ. "ఎప్పుడూ ఎడమే. ఓటు కూడా."

హాలంతా నవ్వింది. మావిస్ ఒకసారి మాటలతో నడిపించి, ఫిడేళ్ళకి చెయ్యి ఊపింది. షాహీన్, హెడ్లీ మొదటి జంటని దాటారు. రెండో జంటనీ దాటారు. మూడో జంట పాతికేళ్ళుగా ఆడుతున్న మొగుడూపెళ్ళాలు. వాళ్ళు చక్రం తిరిగి, ఒంట్లో పాతికేళ్ళుగా నాటుకున్న అలవాటు కొద్దీ గిరుక్కున కిందికి మళ్ళారు. ఢామ్మంది. వెనకవాళ్ళు వాళ్ళ మీద, షాహీన్ హెడ్లీ మీద, పాట మధ్యలో తెగింది.

డెస్మండ్ గోడ గడియారం వైపు చూశాడు. పదిహేను నిమిషాలున్నాయి. అవతలి చివర చేరడానికి పన్నెండు కావాలి. అసలు ఒప్పందం ప్రకారం ఆట అయిపోయినట్టే. "పందెం పోయిందిగా," అని పై చివరలో ఎవరో గొణిగారు.

"ఇది నేర్పేటప్పటి గుద్దు. లెక్క కాదు," అన్నాడు డెస్మండ్. మంచివాడే అన్నానుగా. "కాని ఇదే చివరిసారి, మావిస్."

మావిస్ మైకు తీసి బల్ల మీద పెట్టేసింది. ఆ గొంతుకి మైకెందుకు?

"వినండి! తప్పు షాహీన్‌ది కాదు, హెడ్లీది కాదు. వాళ్ళకేం రాదు, అందుకే వాళ్ళకి సరిగ్గా వచ్చింది. రోగమంతా వచ్చినోళ్ళది. పైనున్న మొనగాళ్ళంతా చేతులు వెనక్కి కట్టుకోండి. ఆ, నువ్వూ డెస్మండ్. మీ వంతు వచ్చేదాకా ఒక్కటే పని, హెడ్లీని చూడ్డం. ఆయన ఎటు పోతే ఆ దిక్కే దిక్కు."

"నలభై ఏళ్ళయింది ఎవరైనా నన్ను ఇంత కళ్ళార్పకుండా చూసి," అన్నాడు హెడ్లీ, టై సవరించుకుని.

ఫిడేళ్ళు అందుకున్నాయి.

ఒక జంట. రెండు. మూడో జంట పళ్ళు బిగించి, చక్రం తిరిగి, ఈసారి పైకి పోయే హెడ్లీకి దారిచ్చింది. దాటారు! ఎవరో "హే!" అన్నారు. నాలుగు, అయిదు. కింది చివర ఖాళీ అయినచోట కొత్త జంట మొదలుపెట్టింది, దాని వెనక ఇంకోటి. నేను పై చివర చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాను. ఎన్ని వేలసార్లు ఆడానో, ఆట మన వైపు రావడం ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ మనమే మొదలుపెట్టి, వెనక ఎవరున్నారో చూడకుండా దిగిపోయేవాళ్ళం. ఇప్పుడది తలుపు దగ్గర పుట్టి, ఒక్కొక్క జంటనే కదుపుతూ, చెక్కనేల దడదడలాడిస్తూ మా మీదికి వస్తోంది. పది. పన్నెండు. మావిస్ అడుగులు చెప్పడం ఎప్పుడో ఆపేసింది. ఎవరికీ అక్కర్లేదు. కింద నిలబడ్డవాళ్ళని చూసి పైవాళ్ళు నేర్చుకుంటున్నారు. ఆమె బల్ల ఎక్కి రెండు పిడికిళ్ళు బిగించి, పెదాలు కదుపుతూ ఒక్కొక్క జంటనీ లెక్కపెడుతోంది. జూన్ టీ గదిలోంచి తుడుపుగుడ్డతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది.

పంతొమ్మిది. ఇరవై. షాహీన్ యూనిఫాం వీపు తడిసిపోయింది, మొహం మాత్రం దీపంలా ఉంది. హెడ్లీ కుంటుతున్నాడు, కాని తాళంలో కుంటుతున్నాడు.

"మోకాలెలా ఉంది అంకుల్?"

"ఏ మోకాలు?" అన్నాడు హెడ్లీ.

ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇక మిగిలింది మేమే. హెడ్లీ చెయ్యి చాచాడు, నాలుగు కుడిచేతులు మధ్యలో కలిశాయి. షాహీన్ చెయ్యి వేడిగా ఉంది. ఒక చుట్టు తిరిగాం. వదిలాం. హెడ్లీ పైకి సాగాడు. ఆ క్షణంలో డెస్మండ్, నలభై అయిదేళ్ళ అలవాటు, మేజర్ శిష్యుడి శిష్యుడు, భుజం నాజూగ్గా దించి, అద్భుతంగా, గిరుక్కున, కిందికి తిరిగాడు.

ఢామ్.

"సార్, ఇది వన్‌వే!" అంది షాహీన్.

ఎవరూ నవ్వలేదు. ఫిడేళ్ళు ఆగిపోయాయి. మావిస్ బల్ల మీద అలాగే నిలబడిపోయింది, పిడికిళ్ళు విప్పకుండా. ఇరవై రెండు జంటలు దాటి, ఆఖరి జంట దగ్గర గుద్దు. ఒక్క గుద్దు కూడా పడకూడదన్నారు, పడింది. టామసిన్ పేరు మళ్ళీ అట్ట కిందికి పోతున్నట్టే అనిపించింది నాకు. పై చివర పెద్దమనిషి తప్పు చేస్తే కింది మనుషులు ఓడిపోవడం మనకేమైనా కొత్తా?

డెస్మండ్ భుజం రుద్దుకుంటూ హెడ్లీని చూశాడు, ఆ పొడుగు వరసనంతా చూశాడు. ఇందాక చేతులు కట్టుకున్న మొనగాళ్ళంతా ఆయన మొహమే చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"గుద్దింది నేను," అన్నాడు, క్లాసులో చెప్పినట్టు అందరికీ వినిపించేలా. "ఆట గుద్దలేదు. ఈ హాల్లో పాఠం సరిగ్గా వినని విద్యార్థిని నేనొక్కణ్ణే. మావిస్, నా ఒక్కడి కోసం ఇంకొక్కసారి వాయించమని చెప్తారా?"

"వినయంగా అడిగావు గనక," అంది మావిస్. పిడికిళ్ళు విప్పి ఫిడేళ్ళకి చెయ్యి ఊపింది.

నాలుగు చేతులు కలిశాయి. చక్రం తిరిగింది. వదిలేటప్పుడు డెస్మండ్ భుజం అలవాటుగా ఒక అంగుళం దిగింది. ఆపుకున్నాడు. హెడ్లీ ఆయన్ని బయటినుంచి చుట్టి పైకి జారిపోయాడు, డెస్మండ్ ఆయన ఖాళీ చేసిన చోటికి, నీళ్ళు పల్లానికి పోయినట్టు, తెలియకుండానే దిగాడు. దిగి, అక్కడే ఆగి, తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఓహో," అన్నాడు.

అంత చిన్న మాట. నలభై అయిదేళ్ళు డ్యాన్సు చేసిన మనిషి నోటివెంట అంత ఆశ్చర్యంగా వచ్చింది. పై చివర నిలబడ్డ షాహీన్, హెడ్లీ రెండు చేతులూ పైకెత్తి అరిచారు. ఆ తర్వాత హాలంతా అరిచింది. ఫిడేళ్ళు ఎవరినీ అడక్కుండా మళ్ళీ మొదలుపెట్టాయి. భోజనాల గంట కొట్టినా ఎవరూ ఆగలేదు. గుడ్డు శాండ్‌విచ్‌లు ఎండిపోయాయి. జూన్ తుడుపుగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి మడమతో తాళం వేసింది. మీరు ఆడతారా అని అడిగితే, "ఒట్టు పెట్టుకున్నా. మడమ మాత్రం ఒట్టు పెట్టుకోలేదు," అంది.

టీ దగ్గర డెస్మండ్ అచ్చు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పెన్సిలు చివర కొరుకుతూ, "అడుగున చిన్నక్షరాల్లో ఆమె పేరు వేద్దామనుకుంటున్నాను, మావిస్. మేజర్ పేరు తీసేస్తే పాతవాళ్ళు బాధపడతారు," అన్నాడు.

మావిస్ కేకు ముక్క మింగి, కాగితం అడుగున వేలు పెట్టి, పైదాకా నెమ్మదిగా లాగింది.

"ఇప్పుడే ఆడావుగా నాయనా. అడుగున మొదలైంది పైకి చేరాలి. మధ్యలో ఆపితే మళ్ళీ గుద్దుకుంటావ్."

డెస్మండ్ మేజర్ పేరు చుట్టూ గీత గీసి దాన్ని అడుగుకి బాణం వేసి పంపాడు. పైన పెద్దక్షరాల్లో రాశాడు: టామసిన్ క్రాబ్‌ట్రీ, నేతపని, ఫిడేలు. ఆ కింద, మావిస్ చెప్పకుండానే, ఆమె రాసిన మూడు మాటలు కూడా ఉన్నదున్నట్టు రాశాడు. చలి తగులువారే ముందు.

మధ్యాహ్నం మొదటి ఆటకి వరసలు కట్టమని పిలిచారు. అప్పుడు చూడాలి ఆ హాలు! నలభై ఎనిమిది మంది తలుపు దగ్గరికి ఒక్కసారిగా పరిగెత్తారు. కింది చివర కోసం తోపులాట. మొనగాళ్ళు ఒకరి భుజాల మీదుగా ఒకరు ఎగబాకుతున్నారు. వాళ్ళందరికంటే ముందే, తలుపుకి వీపు ఆనించి, ఇక్కణ్ణుంచి కదిలేది లేదన్నట్టు డెస్మండ్ నిలబడి ఉన్నాడు. ఫిడేళ్ళ ముందు నేల బోసిగా ఉంది.

మావిస్ బల్ల ఎక్కింది. నడుము మీద చేతులు పెట్టుకుంది. నలభై ఏళ్ళ బస్సు గొంతు హాలు కప్పుని తాకింది.

"పైన బోలెడు ఖాళీ ఉంది! పైకి జరగండి! పైకి జరగండి!"